పెరట్లో పొంగే కుండ: నీళ్ల చప్పుడును మీరే కట్టుకోవడం ఎలా

సాయంత్రం ఒక బకెట్ నిండా నీళ్లు, ఒక మగ్గు తీసుకుని పెరట్లోకి వెళ్లండి. రోజూ కూర్చునే చోట మీరు కూర్చోండి. ఇంట్లో ఎవరినైనా ఒక మూల నిలబడి, మగ్గుతో నీళ్లు ముంచి సన్నటి ధారగా మళ్లీ బకెట్‌లోకే పొయ్యమనండి. తర్వాత ఇంకో మూలకు వెళ్లి పొయ్యమనండి. ఎక్కడి నుంచి పోస్తే ఆ చప్పుడు చెవికి హాయిగా, మాటలకు అడ్డం రాకుండా వినపడుతుందో అక్కడ ఒక రాయి పెట్టి గుర్తుంచుకోండి. పని అక్కడే మొదలవుతుంది.

చాలామంది ముందు ఫొటోలు చూసుకుంటారు, కంటికి నచ్చిన ఫౌంటెన్ ఒకటి తెచ్చి ఖాళీగా ఉన్న మూలలో పెడతారు. కొన్నాళ్లకు కన్ను దానికి అలవాటు పడిపోతుంది, మోటారు ఆగినా ఎవరూ పట్టించుకోరు. నేను చూసినంతలో పెరట్లో నీళ్లను ఏళ్ల తరబడి నిలుపుకున్నవాళ్లు వినడం కోసం కట్టుకున్నవాళ్లే. కళ్లు మూసుకున్నా ఆ చప్పుడు మనతో ఉంటుంది. రోజూ వింటాం కాబట్టి అది కాస్త మారినా వెంటనే తెలుస్తుంది, తెలిస్తే లేచి వెళ్లి బాగుచేస్తాం.

మొదటిసారి కట్టేవాళ్లకు నేను చెప్పేది పొంగే కుండ. నేలలో పాతిన తొట్టిలో నీళ్లుంటాయి, దాని మీద జాలీ, జాలీ మీద కుండ, చుట్టూ గులకరాళ్లు. చిన్న మోటారు నీళ్లను కుండలోకి పంపిస్తుంది, అవి అంచు మీదుగా పొంగి, కుండ ఒంటి మీదుగా జారి, రాళ్ల సందుల్లోంచి మళ్లీ తొట్టిలోకి దిగిపోతాయి. నేల మీద బయటికి కనపడే గుంట ఉండదు. పాకే పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. రెండంగుళాల నీళ్లు కూడా పసిపిల్లలకు ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే అలాంటి ఇంట్లో తెరిచి ఉన్న కొలను వద్దనే చెబుతాను. ఈ కుండ దగ్గర కూడా, దాని మూతి పెద్దదైతే, లోపల కూడా పైదాకా రాళ్లు నింపేయండి.

చోటు

రాయి పెట్టిన చోటును ఇప్పుడు కంటితో పరీక్షించండి. ఆకులు బాగా రాల్చే చెట్టు కింద వద్దు, వారం వారం రాళ్లు ఎత్తి ఆకులు ఏరుకోవాల్సి వస్తుంది. పెరట్లో అన్నిటికంటే పల్లంగా ఉన్న చోటూ వద్దు. వాన పడితే మట్టి, మొక్కలకు వేసిన ఎరువు అన్నీ కొట్టుకొచ్చి తొట్టిలో చేరతాయి, ఆ ఎరువే పాచికి మేత అవుతుంది. రోజంతా ఎండ పడే చోట పాచి త్వరగా పడుతుంది, నీళ్లు త్వరగా ఇంకిపోతాయి. సగం నీడ మేలు. ఇంటి గోడకు మరీ ఆనించి పెడితే గోడ చెమ్మ పట్టవచ్చు. ఒక మీటరు ఎడం ఉంచితే తుంపర గోడకు తగలదు, చప్పుడు మాత్రం గోడకు కొట్టుకుని మీ వైపే తిరిగొస్తుంది.

తవ్వేముందు ఆ నేల కింద కరెంటు కేబుల్, నీళ్ల పైపు, మురుగు పైపు ఏవీ లేవని నిర్ధారించుకోండి.

ఏమేం కావాలి

60 నుంచి 70 సెంటీమీటర్ల వెడల్పు, 35 నుంచి 40 సెంటీమీటర్ల లోతున్న గట్టి ప్లాస్టిక్ తొట్టి. ఇందులో దాదాపు 100 లీటర్లు పడతాయి. ఇంత పెద్దది ఎందుకని అనిపిస్తుంది గానీ, ఈ పనిలో చిన్న తొట్టి తీసుకున్నవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు. చిన్న తొట్టి ఎండకు, గాలికి ఒకటి రెండు రోజుల్లోనే అడుగంటుతుంది, నీళ్లు లేకుండా తిరిగిన మోటారు కాలిపోతుంది. నీళ్లలో ముంచే మోటారుకు చల్లదనం ఆ నీళ్ల వల్లే వస్తుంది.

కుండ 45 నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే చాలు. తొట్టి వెడల్పు కుండ వెడల్పుకు కనీసం రెట్టింపు ఉండాలన్నది లెక్క. మెరుగు పూసిన పింగాణీ కుండ అయితే నీళ్లు ఊరవు. మామూలు మట్టికుండ అయితే లోపలి వైపు వాటర్‌ప్రూఫ్ పూత రెండుసార్లు వేసి పూర్తిగా ఆరనివ్వాలి. మట్టికుండ బయటి వైపు మాత్రం ఏ పూతా లేకుండా వదిలేయమంటాను. తడిసిన మట్టి రంగును మించిన అందం ఏ పెయింటుకూ రాదు. కొన్నాళ్లకు దాని మీద సన్నగా పాచి పడితే కుండ ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టుంటుంది.

మోటారు విషయంలో కాస్త ఆగుదాం. పెట్టె మీద గంటకు 1,000 లీటర్లు అని ఉంటే, అది నీళ్లను ఏమాత్రం ఎత్తుకు పంపనప్పటి లెక్క. పక్కనే గరిష్ఠ ఎత్తు అని ఇంకో అంకె ఉంటుంది, 1.5 మీటర్లు అనుకోండి. ఆ ఎత్తులో అది ఒక్క చుక్క కూడా పొయ్యలేదు. మధ్యలో ఎంత ఎత్తుకు ఎక్కిస్తే అంత ధార తగ్గుతూ పోతుంది. తొట్టిలోని నీటి మట్టం నుంచి కుండ అంచు దాకా టేపు పెట్టి కొలవండి. మన కుండకు అది 70 సెంటీమీటర్లు రావచ్చు. గరిష్ఠ ఎత్తు దానికి రెట్టింపు ఉన్న మోటారు తీసుకుంటే సుమారు సగం ధార దక్కుతుంది. పొంగే కుండకు గంటకు 500 లీటర్లు సరిపోతాయి. ధారను తగ్గించే చిన్న మీట ఉన్న మోటారు దొరికితే అదే తీసుకోండి. ఎక్కువ ఉన్నదాన్ని తగ్గించుకోవచ్చు, లేనిదాన్ని పెంచలేం. 15 వాట్ల మోటారు రోజుకు 8 గంటలు తిరిగితే ఒక యూనిట్ కరెంటు ఖర్చవడానికి ఎనిమిది రోజులు పడుతుంది, కాబట్టి బిల్లు గురించి టెన్షన్ అక్కర్లేదు.

సోలార్ మోటార్ల గురించి చాలామంది అడుగుతారు. వైరు లాగే పని ఉండదు, షాక్ భయం ఉండదు, అది మంచిదే. కానీ బ్యాటరీ లేనివి మబ్బు పట్టగానే ఆగిపోతాయి, పొద్దు గుంకాక అసలు తిరగవు. మనం తీరిగ్గా బయట కూర్చునేది ఆ వేళకే. సోలార్ కావాలంటే బ్యాటరీ ఉన్నదే చూడండి.

ఇవి కాక అర అంగుళం పీవీసీ పైపు ముక్క, మెత్తటి రబ్బరు లేదా ప్లాస్టిక్ గొట్టం, దాన్ని బిగించే క్లిప్పులు, నీళ్ల ట్యాంకులకు వాడే అర అంగుళం ట్యాంక్ నిపుల్ ఒకటి, సిలికాన్ ట్యూబు, తొట్టిని పూర్తిగా కప్పేంత గట్టి ఊచల జాలీ, కిటికీలకు కొట్టే సన్నటి దోమల జాలీ, నాలుగు కాంక్రీట్ దిమ్మెలు, నాలుగైదు సెంటీమీటర్ల గులకరాళ్లు కావాలి. వాలు ఉందో లేదో చూపే రసమట్టం లేకపోతే ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. అది లేకుండా మొదలుపెట్టొద్దు.

తొట్టిని పాతడం

తొట్టి కంటే చుట్టూ ఐదు సెంటీమీటర్లు వెడల్పుగా గొయ్యి తవ్వండి. అడుగున రాళ్లు, వేర్లు తీసేసి మూడు నాలుగు సెంటీమీటర్ల ఇసుక పరవండి. తొట్టిని దించి, అంచు మీద రసమట్టం నిలువుగా, అడ్డంగా రెండు వైపులా పెట్టి చూడండి. ఇసుకను సర్దుతూ మట్టం కుదిరేదాకా ఓపిక పట్టాలి. తొట్టి అంచు నేలకంటే రెండు మూడు సెంటీమీటర్లు పైకి ఉండాలి, అప్పుడే వాన నీటి బురద లోపలికి జారదు.

చుట్టూ మట్టి పూడ్చేటప్పుడు తొట్టిని ఖాళీగా ఉంచొద్దు. నీళ్లు కొంత పోసి, ఆ మేరకు చుట్టూ మట్టి వేసి కూరండి. మళ్లీ కొన్ని నీళ్లు, మళ్లీ మట్టి. ఖాళీ తొట్టి చుట్టూ మట్టి గట్టిగా కూరితే గోడలు లోపలికి నొక్కుకుపోతాయి. ఖాళీగా వదిలేసిన తొట్టి పెద్ద వానకు నేల నానినప్పుడు పైకి లేచిపోవడం కూడా ఉంది.

ఇప్పుడు మధ్యలో దిమ్మెలు పేర్చండి. కుండ బరువంతా జాలీ మీద కాదు, ఈ దిమ్మెల మీద పడాలి. కుండలో 30 లీటర్ల నీళ్లంటే 30 కిలోలు, దానికి కుండ సొంత బరువు, రాళ్ల బరువు కలుస్తాయి. దిమ్మెల పై భాగం తొట్టి అంచుతో సరిసమానంగా రావాలి, మధ్యలో గొట్టం మడత పడకుండా పోయేంత ఖాళీ ఉండాలి. కాంక్రీట్ దిమ్మెలు కొత్తవైతే వాటిలోని సున్నం నీళ్లలోకి దిగుతుంది. ముందే ఒక వారం వేరే బకెట్లో నానబెట్టి, నీళ్లు రెండు మూడుసార్లు మార్చండి.

జాలీని తొట్టి కంటే చుట్టూ పది సెంటీమీటర్లు పెద్దదిగా కోసి పైన పరవండి. ఒక మూల అరచెయ్యి, మోచెయ్యి దూరేంత చదరపు మూత కోసి ఉంచండి. ఇది మర్చిపోతే మోటారుకు చిన్న చెత్త అడ్డుపడినా రాళ్లన్నీ ఎత్తి, కుండ దించి, జాలీ లేపాల్సి వస్తుంది. మొదటిసారి నేను కట్టినప్పుడు ఆ మూత పెట్టలేదు. మోటారులో ఇరుక్కున్న ఒక్క ఆకు తీయడానికి ఒక ఆదివారమంతా పోయింది.

జాలీ మీద సన్నటి దోమల జాలీ ఒక పొర వేయండి. ఆకులు ఆగడానికి అది పనికొస్తుంది. అంతకంటే ముఖ్యంగా, రాళ్ల కింద చీకట్లో నిలిచి ఉన్న తొట్టి నీళ్లలోకి దోమ దూరకుండా ఆపుతుంది. మూత మీద కూడా ఈ పొర రావాలి, అంచుల్లో ఖాళీలు ఉండకూడదు.

కుండకు గొట్టం బిగించడం

కుండ అడుగున రంధ్రం ఉంటే సగం పని అయినట్టే. లేకపోతే టైల్స్‌కు వాడే డైమండ్ బిట్‌తో, డ్రిల్లును సుత్తి మోడ్‌లో కాకుండా నెమ్మదిగా తిప్పుతూ, మధ్యమధ్య నీళ్లు చల్లుతూ చెయ్యండి. రంధ్రం చేసే చోట ముందు ఒక టేపు ముక్క అంటిస్తే బిట్ జారదు.

ట్యాంక్ నిపుల్‌ను రంధ్రంలో పెట్టి, రెండు వైపులా రబ్బరు వాషర్లు వేసి, చుట్టూ సిలికాన్ రాసి బిగించండి. చేత్తో గట్టిగా బిగిస్తే చాలు, స్పానర్‌తో మరీ బలంగా తిప్పితే కుండ పగులుతుంది. సిలికాన్ ఒక రోజు ఆరనివ్వండి, రెండు రోజులైతే ఇంకా మంచిది. తొందరపడి నీళ్లు పోస్తే అది ఎప్పటికీ సరిగ్గా అతుక్కోదు. ముందుముందు చేపలు వేసే ఆలోచన ఉంటే అక్వేరియానికి పనికొచ్చే సిలికానే వాడాలి. బాత్రూమ్ పనికి అమ్మే వాటిలో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపలకు మంచిది కాదు.

ఇక నిపుల్ లోపలి వైపు పీవీసీ పైపును నిలువుగా బిగించి, కుండ అంచుకు మూడు నాలుగు సెంటీమీటర్ల కిందిదాకా తీసుకురండి. ఈ పైపు ఎందుకంటే, అది లేకుండా నీళ్లు కుండ అడుగు నుంచే వస్తుంటే, మోటారు ఆపిన ప్రతిసారీ కుండలో నీళ్లన్నీ అదే దారిన వెనక్కి తొట్టిలోకి దిగిపోతాయి. తొట్టి పట్టలేక పక్కకు పొంగుతుంది. మళ్లీ మోటారు వేస్తే కుండ నిండడానికి తొట్టి ఖాళీ అవుతుంది. నిలువు పైపు ఉంటే దాని కొనకు పైన ఉన్న నీళ్లే వెనక్కి వెళతాయి, మిగతావి కుండలోనే నిలుస్తాయి.

గొట్టంతో పాటు మోటారు దించే ముందు కుండకు ఒంటరిగా ఒక పరీక్ష పెట్టండి. నిపుల్‌కు కింద మూత బిగించి, పైపు కొనకు కాస్త కిందిదాకా నీళ్లు నింపి, మట్టం దగ్గర లోపల సుద్దతో గీత గీసి, ఒక రోజు వదిలేయండి. కుండ అడుగున చేత్తో తడిమి చూడండి. తడి తగిలితే ఇప్పుడే సరిచేసుకోవడం తేలిక.

నిలబెట్టడం

మోటారును తొట్టి అడుగున నేరుగా కాకుండా ఒక ఇటుక ముక్క మీద, జాలీ మూతకు సరిగ్గా కింద పెట్టండి. అడుగున చేరే మడ్డి అప్పుడు దానిలోకి పోదు. పాత నైలాన్ సాక్సు ఒకటి మోటారుకు తొడిగితే చెత్త ఇంకా తగ్గుతుంది. గొట్టాన్ని దిమ్మెల మధ్యగా తెచ్చి నిపుల్‌కు తగిలించి క్లిప్పు బిగించండి. కుండ ఎత్తేటప్పుడు ఇద్దరు ఉండాలి.

కుండను మట్టంగా నిలపడం దగ్గర చాలామంది విసిగిపోతారు. అంచు ఒక పక్క రెండు మిల్లీమీటర్లు వాలినా నీళ్లన్నీ ఆ పక్కనుంచే పోతాయి, మిగతా కుండ పొడిగా ఉండిపోతుంది. రసమట్టంతో ఒకసారి సర్దాక, కుండ నిండా నీళ్లు పోసి చూడండి. నీటి కంటే నిజం చెప్పే మట్టం ఇంకొకటి లేదు. ఎటు వాలితే అటు కింద పలకరాయి ముక్కో, గట్టి ప్లాస్టిక్ ముక్కో దోపుతూ రావాలి. చేత్తో చేసిన కుండల అంచు అసలు సమంగానే ఉండదు. అలాంటప్పుడు పోరాడకండి. పల్లంగా ఉన్న పక్కను మీరు కూర్చునే వైపు తిప్పి, నీళ్లు అటే ఒక పట్టీలా పొర్లనివ్వండి. నాకైతే చుట్టూ సమంగా కారే కుండ కంటే ఇలా ఒక వైపు ఒలికేదే జీవం ఉన్నట్టుంటుంది.

గులకరాళ్లను వేరే బకెట్లో, కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి అప్పుడు పరవండి. కడగని రాళ్ల మట్టి మొత్తం తొట్టిలోకి, అక్కడినుంచి మోటారులోకి పోతుంది.

కరెంటు

ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినకుండా జాగ్రత్త పాటించండి. మోటారు వైరుకు కరెంటు వచ్చే లైన్‌లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. కరెంటు ఎక్కడైనా నేలలోకి లీక్ అయితే అది క్షణంలో లైన్ ఆపేస్తుంది. ఇంట్లో అది ఉందో లేదో తెలియకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి చూపించండి. ప్లగ్గు నేల నుంచి ఎత్తులో, వాన తగలని మూత ఉన్న పెట్టెలో ఉండాలి. వైరు ప్లగ్గులోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేలా వదలండి. వైరు వెంట జారే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, ప్లగ్గులోకి పోవు. వైరు మధ్యలో అతుకులు వద్దు. నేలలో పాతితే గొట్టంలో దూర్చే పాతండి, లేకపోతే ఏదో ఒక రోజు పార దిగుతుంది.

12 వోల్టుల మోటారు దొరికితే నేను దానికే ఓటు వేస్తాను. ట్రాన్స్‌ఫార్మర్ ఇంట్లోనే ఉంటుంది, పెరట్లోకి వచ్చేది తక్కువ వోల్టేజి మాత్రమే. ఏ మోటారైనా సరే, నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీసేయాలి. స్విచ్ ఆపితే చాలదు. మోటారును వైరు పట్టుకుని పైకి లాగకండి.

చప్పుడు కుదుర్చుకోవడం

మోటారు వేశారు, కుండ పొంగింది. ఇక్కడితో పని అయిపోయిందని లోపలికి వెళ్లిపోకండి. ఇప్పుడు కుర్చీలో కూర్చుని వినండి.

నీళ్లు ఎందుకు గలగలమంటాయో తెలిస్తే కుదుర్చుకోవడం తేలికవుతుంది. నీరు నీటిలో పడినప్పుడు కొంత గాలిని లోపలికి లాక్కుపోయి బుడగలు చేస్తుంది. ఆ బుడగలు నీళ్ల కింద ముడుచుకుంటూ విప్పుకుంటూ కంపిస్తాయి, మనకు వినపడేది ప్రధానంగా ఆ కంపనమే. బెల్జియంలో పుట్టిన ఖగోళ శాస్త్రవేత్త మార్సెల్ మిన్నార్ట్ 1933లో దీని లెక్క తేల్చాడు. బుడగ ఎంత చిన్నదైతే స్వరం అంత సన్నగా ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల వెడల్పున్న బుడగ సెకనుకు 3,200 సార్లకు పైగా కంపిస్తుంది, సెంటీమీటరు వెడల్పున్నది సుమారు 650 సార్లే. అందుకే సన్నటి ధార కిలకిలమంటుంది, లావు ధార బుడబుడమంటుంది.

దీన్నిబట్టి మీ చేతిలో కొన్ని మార్గాలున్నాయి. చప్పుడు గరగరమని చెవిని గుచ్చుతుంటే ధార తగ్గించండి. నిలువు పైపు కొన నీటి మట్టానికి ఎంత కిందుంటే పొంగు అంత మెత్తగా ఉంటుంది, పైకి తెస్తే గలగల పెరుగుతుంది. నీళ్లు కుండ ఒంటిని అంటుకుని జారితే దాదాపు చప్పుడే ఉండదు. కాస్త చప్పుడు కావాలంటే అంచున ఒక చోట చిన్న పలుచటి రాయి పెట్టి, నీళ్లు దానిమీంచి కుండను వదిలి పడేలా చేయండి. అవి పడే చోట రాళ్లు ఉంటే చిటపటమంటుంది. అక్కడి రాళ్లు నాలుగు తీసి, అరచేయంత గిన్నెలాంటి రాయి పెట్టి అందులో నీళ్లు నిలిచేలా చేస్తే గుబగుబమని లోతుగా పలుకుతుంది. ఒక్కో మార్పు చేసి వెళ్లి కూర్చోండి, రెండు నిమిషాలు వినండి, మళ్లీ లేవండి. ఈ పనికి ఒక సాయంత్రం మొత్తం ఇవ్వండి. పొరుగింటి పడకగది కిటికీ దగ్గరుంటే రాత్రి ఆపేసేలా టైమర్ పెట్టడం మర్యాద.

ధార గంటకు ఎంత వస్తోందో చూడాలనుకుంటే, పది లీటర్ల బకెట్ నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కపెట్టండి. నిమిషంలో నిండితే గంటకు 600 లీటర్లు.

దోమలు

పెరట్లో నీళ్లు పెడదామంటే ఇంట్లోవాళ్లు మొదట అడిగేది దోమల సంగతే. అడగాల్సిన ప్రశ్నే అది. వేడి వాతావరణంలో గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు చాలు. గుడ్లు పెట్టడానికి దోమకు కదలని నీళ్లు కావాలి. లార్వా పైకి వచ్చి గాలి పీల్చుకోవాలి, నీటి పైభాగం కదులుతుంటే అది కష్టమవుతుంది. కాబట్టి మోటారు రోజూ కొన్ని గంటలైనా తిరగాలి, సన్నటి జాలీలో ఎక్కడా చిరుగు ఉండకూడదు.

డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లను నీటి మట్టానికి కాస్త పైన, గోడకు అంటిస్తుంది. అవి నెలల తరబడి ఎండిపోయి కూడా బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. నీళ్లు పారబోస్తే చాలదని అందుకే చెబుతారు. వారానికి ఒకసారి కుండ లోపలి గోడను, నీటి గీతకు పైన, గట్టి బ్రష్‌తో తోమాలి. కదలని నీళ్లు ఎక్కడైనా ఉంచక తప్పకపోతే బీటీఐ అనే బ్యాక్టీరియాతో చేసిన బిళ్లలు వాడండి. అవి లార్వాలను చంపుతాయి గానీ చేపలకు, పక్షులకు హాని చేయవు.

నీళ్లు తగ్గుతున్నాయి, కారుతోందా?

వేడిగా, పొడిగా ఉన్న రోజుల్లో తెరిచి ఉన్న నీళ్లు రోజుకు 5 నుంచి 10 మిల్లీమీటర్లు ఆవిరైపోతాయి. కుండ ఒళ్లంతా, రాళ్లన్నీ తడిసి ఉంటాయి కాబట్టి మనకు ఇంకొంచెం ఎక్కువే పోతాయి. అనుమానం వస్తే మోటారు ఆపి, తొట్టి మట్టం దగ్గర గుర్తు పెట్టి ఒక రోజు చూడండి. మట్టం నిలిచి ఉంటే తొట్టి బాగానే ఉంది, పోతున్నది పైన తుంపరలోనో గొట్టం అతుకులోనో. మోటారు ఆపినా దిగుతుంటే తొట్టికే చిల్లు. తుంపర అయితే రాళ్ల మీద, తొట్టి అంచు దాటిన నేల మీద తడి చూస్తే తెలిసిపోతుంది. గాలి వీచే రోజున తప్పకుండా చూడండి.

ఉప్పదనం ఉన్న బోరు నీళ్లయితే అంచు మీద తెల్లటి పొర కడుతుంది, మోటారు లోపలి చక్రానికి కూడా పడుతుంది. వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి మోటారును అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమితే వచ్చేస్తుంది. వాన నీళ్లు పట్టుకునే వీలుంటే అవే పోయండి, ఈ పొర బాధ చాలా తగ్గుతుంది. నెలకోసారి మోటారు తీసి కడగడం, మూడు నాలుగు నెలలకోసారి తొట్టి అడుగు మడ్డి తోడేయడం, ఇంతే దీని సేవ.

మోటారు వద్దనుకుంటే

వెడల్పాటి మట్టి మూకుడు ఒకటి చాలు, పక్షులు వస్తాయి. లోతు రెండు నుంచి ఐదు సెంటీమీటర్లు మించకూడదు, అడుగు గరుకుగా ఉండాలి. నున్నటి పళ్లెంలో పిట్ట కాలు నిలవదు. మధ్యలో రెండు రాళ్లు నీటిపైకి తేలేలా పెట్టండి. తేనెటీగలు వాటి మీద వాలి తాగుతాయి, లేకపోతే మునిగిపోతాయి. పిల్లి నక్కే పొదకు రెండు మీటర్ల దూరం ఉంచండి. నీళ్లు రోజూ మార్చాలి, కనీసం రెండు రోజులకోసారి. ఆ ఓపిక లేకపోతే పెట్టకపోవడమే పక్షులకు మంచిది, మురికి నీళ్లలో రోగాలు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటాయి.

కలువ తొట్టి ఇంకో దారి. 30 నుంచి 45 సెంటీమీటర్ల లోతున్న గోళెం, రోజుకు ఐదారు గంటల ఎండ, పొట్టి రకం కలువ. చిన్న కుండీలో బంకమట్టి వేసి నాటి, పైన గులకరాళ్లు పరిచి నీళ్లలోకి దించాలి. నర్సరీ కుండీల్లో వాడే కొబ్బరి పీచు మిశ్రమం వేస్తే అదంతా పైకి తేలుతుంది. మొదట ఇటుకల మీద ఎత్తుగా ఉంచి, ఆకులు ఎదిగేకొద్దీ కిందికి దించుతూ రండి. దీని దగ్గర ఫౌంటెన్ పెట్టకండి, నీళ్లు ఎగిరిపడే చోట కలువ సరిగ్గా ఎదగదు.

రెండో వారంలో నీళ్లు పచ్చబడతాయి. అప్పుడు అందరూ చేసే పొరపాటు నీళ్లు మార్చేయడం. కొత్త నీళ్లతో పాచికి కొత్త పోషకాలు వస్తాయి, కథ మళ్లీ మొదలవుతుంది. కదిలించకుండా ఆగండి. ఆకులు నీటి పైభాగాన్ని సగానికి పైగా కప్పగానే వెలుతురు తగ్గి, పాచి దానంతటదే తగ్గిపోతుంది. ఇందులో దోమలకు గప్పీ చేపలు నాలుగైదు వేయవచ్చు, కుళాయి నీళ్లలోని క్లోరిన్ పోయేలా మందు కలిపి, ఒకటి రెండు రోజులు ఉంచాక. గుర్రపు డెక్క, అంతర తామర మాత్రం తేకండి, తెచ్చినా కాలువలోనో చెరువులోనో పారేయకండి. గప్పీలకూ అదే మాట. తొట్టిలో ముచ్చటగా ఉండేవే బయట చెరువులను పాడుచేస్తాయి.

నేలలో షీటు పరిచి చిన్న కొలను కట్టడం ఏడాది తర్వాత ఆలోచించండి. షీటు కొలత మాత్రం చెబుతాను. పొడవుకు రెండింతల లోతు కలిపి, అంచుల కోసం ఇంకో 60 సెంటీమీటర్లు కలపాలి. వెడల్పుకూ అంతే. 150 సెంటీమీటర్ల పొడవు, 100 వెడల్పు, 45 లోతు కొలనుకు 300, 250 సెంటీమీటర్ల షీటు కావాలి. ఒక పక్క వాలుగా రాళ్లు పేర్చడం తప్పనిసరి, పొరపాటున పడిన ఉడత, తొండ, కప్ప ఎక్కి బయటపడడానికి.

వారానికి మించి ఇల్లు వదిలి వెళుతుంటే కుండ ఖాళీ చేసి, మూతి తడి లేకుండా తుడిచి, బోర్లించి పెట్టండి. మోటారు తీసి కడిగి లోపల దాచండి. మంచు గడ్డకట్టే ప్రాంతాల్లో చలికాలం రాకముందే ఈ పని చేయాలి, నీళ్లు గడ్డకట్టి ఉబ్బితే ఎంత గట్టి కుండైనా పగులుతుంది. తొట్టిలో మాత్రం సగం నీళ్లు ఉంచి, జాలీ సరిగ్గా మూసి ఉందో లేదో ఒకసారి చూసి, ఒక బీటీఐ బిళ్ల వేసి వెళ్లండి.